బుగులు కైకిలి

పదకొండు సినిమాలల్ల దయ్యాన్నైన.
రెండిట్ల బాయిలకెల్లి లేసిన, ఒకదాంట్ల బీరువలకెల్లి.
మిగిలినయి యాదికి లేవు.
నాటు కైకిలి లెక్కనే గద,
వంగుడు, లేసుడు, నెత్తి ఎంటికలు ముంగటికేసుకునుడు,
మందికి బుగులు నాటుడు.
కూలి మాత్రం పొద్దుమీకినా చేతికి రాదు.

మా నాయిన కాజీపేట లోకోషెడ్డుల ఫిట్టరు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల నేను తల్లి ఏషమేస్తె
ముందు బెంచీలోళ్ళు కొంగుల మొకం దాసుకునేది.
ఆ ఏడుపును నమ్ముకొని పట్నం పోయిన.
ఆడొకాయన టార్చిలైటు కొట్టి నా మొకం చూసి
"దవడ మంచిగుంది" అన్నడు.
ముప్పై నాలుగేండ్లకే ముసలి దయ్యాన్ని.

పాపమా అని ఫాతిమానగర్ ఫాదర్నడిగిన.
"పైసలిస్తున్నరా?"
సగం ఇస్తున్నరు, అన్న.
"మిగిలిన సగం అడుగు" అన్నడాయన.

తెల్ల లెన్సులు పెట్టుకుంటె కండ్లు కనవడవు.
అందుకని ఒక పోరడు నేలమీద పాక్కుంట
నా చీర అంచు పట్టుకొని తొవ్వ చూపెట్టేది.
"ఎడమకమ్మా, గుంతుంది" అని గుసగుస.
తెరమీద నేను గాలిల తేలినట్టే ఉంటది.
వాడుండడు.

బాపూజీనగర్ల ఇల్లు కిరాయికి మాట్లాడుకుంటె
ఓనరు బిడ్డ నన్ను చూసి లాగుల పోసుకున్నది.
అడ్వాన్సు వాపసు. చాయి మాత్రం తాగిపొమ్మన్నరు.

ఇగ మొన్న, హన్మకొండల, అభిమానుల జమావడ.
ఫంక్షన్ హాలు మెట్లమీద నిన్నటి పెండ్లి బంతిపూలు,
మూడొందల మంది, నల్లటి అంగీలు,
అంగీలమీద నా మొకం,
ఒక్కొక్కల కడుపుకాడ ఒక్కో తీరు ముడుతలు పడుకుంట.
నా సంతకం అడిగితె చెయ్యి వణికింది.
బ్యాంకుల తప్ప యాడ చేసిన గనుక.

పరకాల పిల్లట, దవఖానల నర్సు.
"రాత్రి డ్యూటీల బుగులైతె మీ సినిమా పెట్టుకుంటనమ్మా."
అదేంది బిడ్డా?
"మీరైతె తెలిసిన దయ్యం గద."

కండ్లద్దాల పిలగాడు లేసిండు, చేతిల నోటుబుక్కు.
బాయిలకెల్లి లేసినప్పుడు మీ కుడిచేతికి గాజులున్నయ్, ఎడమకు లేవు.
అంటె మొగడు సచ్చిండో బతికిండో తెల్వక
సగం ముత్తైదువుగ తిరిగే ఆత్మ. అవునా అమ్మా?

బాయి మెట్లకు తాకి పలిగినయ్, నాయినా.
జనరేటరు కిరాయి గంటల లెక్క,
కట్ అననీకి ఎవలకు తీరిక లేకుండె.
పెంక ఒకటి ముంజేతుల ఇప్పటికుంది,
సలికాలం సుయ్యిమని గుర్తుచేస్తది.
గిదంత నోటిదాంక వచ్చింది.
"మంచిగ పట్టినవ్ బిడ్డా" అన్న.
వాడు మొకం ఎలిగిపోంగ రాసుకున్నడు.

నిజంగ దయ్యాన్ని చూసిండ్రా, అని ఇంకొకలు.
చూసిన.
రిలీజైన తెల్లారి ప్రొడ్యూసరు ఆఫీసుల,
కుర్సీ ఊగుతుంటది, మనిషి కనవడడు.

ఆఖరికి మైకు నా చేతికిచ్చిండ్రు.
"ఒర్రుండ్రి అమ్మా, ఒక్కసారి."

ఆ ఒర్రుడు నాది కాదు.
డబ్బింగుల ఇంకో ఆమెది. టైటిల్స్‌ల పేరెయ్యలే.
లిఫ్టుల ఒక్కపారి కలిసింది.
గొంతు కూసుకపోయి మాట రాక
చేతులు జోడించి నవ్వింది.
నా సావులన్ని ఆమె గొంతుల పుండ్లైనయ్.

మైకు పక్కకు పెట్టిన.
నోరు తెరిచిన, అంతే.
దవడ మంచిదే గద.
సప్పుడు లేని నా నోట్లెకు చూసుకుంట చూసుకుంట
మూడొందల మంది ఒర్రిండ్రు.
పెండ్లి లైట్లు అదిరినయ్.
ఆమె యాడున్నా ఇనాలె, అనుకున్న.

రాత్రి ఆటోల కాజీపేట బ్రిడ్జి ఎక్కినంక
డ్రైవరు అద్దంల చూసిండు. మళ్ళ చూసిండు.
పైసలు చేతికి తీసుకోలే, సీటుమీద పెట్టుమన్నడు.
పెట్టిన, ఇరువై ఎక్కువే.
మా గల్లీల కరెంటు లేదు.
తాళం తీసేదాంక లైటు కొట్టు బిడ్డా, అన్న.
కొంచెంసేపు ఆగి కొట్టిండు.
"ఎడమకమ్మా," అన్నడు, "గుంతుంది."